వీపు మీద పదిహేడు

ఆ ఏడు ఈస్టర్ ముందు మా ఉపవాసాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఉక్రేనియన్ చర్చి పాత పంచాంగాన్నే పాటిస్తుంది. కెనడాలో, మా సస్కచ్వాన్‌లో తక్కినవాళ్ల ఉపవాసాలు ముగింపుకొచ్చే వేళకి ఆ ఏడు మావి మొదలయ్యాయి. ఐస్ హాకీలో ఊరూ ఊరూ తేల్చుకునే ఆటలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. ఆదివారం చర్చికి రావలసిన మగవాళ్లు స్కేట్లు భుజాన వేసుకుని మంచు ఆట జరిగే రింకుకు పోతున్నారని మా ఫాదర్ ఏటా ప్రసంగంలో విసుక్కునేవారు. ప్రసంగం అయ్యాక, పైవస్త్రం విప్పుతూ, "నిన్న ఎంతకి గెలిచాం?" అని అడిగేవారు.

నా భర్త ఒరెస్ట్ మా ఊరు లిప్కీ జట్టులో వెనక కాపలా ఆటగాడు. అవతలివాళ్లు పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ల, తీసుకుని మా గోల్ వైపు వస్తుంటే భుజంతో ఢీకొట్టి ఆపడం అతని పని. ఢీకొట్టడం తప్పు కాదు, అదీ ఆటలో భాగమే. ఒరెస్ట్ కొడితే మంచు మీద పడ్డవాడు లేచి, దులుపుకుని, మారుమాట లేకుండా వెళ్లిపోయేవాడు. ఎందుకంటే ఒరెస్ట్ ఎదురుగా వచ్చి కొట్టేవాడు, దాచుకోకుండా కొట్టేవాడు. శనివారం పొద్దున్నే ఊరి పిల్లలకు ఆట నేర్పేటప్పుడు వాళ్ల చేత ఒకే మాట గట్టిగా అనిపించేవాడు.

"ముఖం కనిపిస్తే?"

"కొట్టు!"

"వీపు మీద నంబరు కనిపిస్తే?"

"ఆగు!"

రింకు రేకుల కప్పు కింద ఆ అరుపులు గింగిరాలు తిరిగేవి. చిన్నప్పుడు పది ఆజ్ఞలు నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. ఈ పిల్లలు ఇంత పెద్ద సంగతిని ఒక్క పొద్దుటే నేర్చేసుకుంటున్నారే అని నాకు ముచ్చటగా ఉండేది.

రింకులో నాకూ ఒక పని ఉండేది. గడియారం నాది. ఆట నడుస్తుంటే నడపడం, ఈల వేస్తే ఆపడం. నా బల్లకు ఇటు మావాళ్ల పెనాల్టీ పెట్టె, అటు వచ్చినవాళ్ల పెట్టె. తప్పు చేసినవాడు వచ్చి రెండు నిమిషాలు అందులో కూర్చుంటాడు. సమయం కాగానే తలుపు తీసి పంపించేది నేనే. కాబట్టి ఆటలో తప్పు చేసిన ప్రతివాడితోనూ నాకు కాస్తో కూస్తో పరిచయం ఉండేది.

అలా ఎక్కువగా పరిచయమైనవాడు లూబో. పక్కనున్న జోర్నా ఊరివాడు. తండ్రి లేడు, తల్లి పరాస్కా, తనూ. ట్రాక్టర్లు బాగుచేసేవాడు. వేళ్ల సందుల్లో నల్ల నూనె ఎప్పుడూ వదిలేది కాదు. జోర్నా జట్టులో పదిహేడో నంబరు. పెట్టెలోకి రాగానే, "స్టెఫక్కా, పిప్పరమెంటు ఉందా?" అని చెయ్యి చాపేవాడు. ఉండేది. వాడి కోసమే ఉంచేదాన్ని.

ఆ చలికాలం లిప్కీకీ జోర్నాకీ మధ్య గెలిచినవాళ్లు చివరి పోటీకి వెళతారు. మొదటి ఆటల్లో ఒకదాంట్లో లూబో మా ఒరెస్ట్‌ని కొట్టాడు. నడి మంచు మీద, ఎదురుగా, భుజానికి భుజం. ఒరెస్ట్ వెల్లకిలా పడ్డాడు. హెల్మెట్టు జారిపోయింది. లూబో అతని పక్కనుంచి తిరిగి వస్తూ, "ఏం ఒరెస్టన్నా, మంచు చల్లగా ఉందా?" అన్నాడు. జోర్నా వాళ్లంతా బల్లలు చరిచి నవ్వారు.

తర్వాత ఎవరి కాలికో కర్ర అడ్డం పెట్టినందుకు లూబో నా పక్క పెట్టెలోకొచ్చాడు.

"ఇవాళ పిప్పరమెంటు లేదేమో నాకు," అన్నాడు నా ముఖం చూస్తూ.

"ఎందుకు లేదు? సరిగ్గానే కొట్టావు కదా," అని ఇచ్చాను.

"మా అమ్మతో చెప్పు అక్కా ఆ మాట. నేను ఎవణ్ణి కొట్టినా వాళ్లింటికి పోయి క్షమాపణ చెప్పి రమ్మంటుంది."

ఇంటికొచ్చాక ఒరెస్ట్ పక్కటెముకల మీద మంచుముక్కల సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా?" అన్నాను.

"ఉంది. మంచి దెబ్బ. నేను నేర్పినా అంత బాగా కొట్టడు."

అతను నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ సమయంలో పొయ్యి పక్కన మా మామయ్య ఒనుఫ్రీ ఉన్నాడు. ఆయనా ఒకప్పుడు ఆడినవాడే. పై పళ్లు మూడు రింకులోనే వదిలేశాడు.

"మెచ్చుకో, బాగా మెచ్చుకో," అన్నాడాయన. "జోర్నా కుర్రకుంక పడేస్తే ఆకాశం చూస్తూ పడుకున్నావు. నా రోజుల్లో అయితే వాడు ఆ రాత్రి పళ్లు చేత్తో పట్టుకుని ఇంటికి పోయేవాడు."

"ఎదురుగా వచ్చి కొట్టాడు నాన్నా. తప్పేముంది?"

"తప్పు ఎవడికి కావాలిరా? ఊరంతా చూసింది. ఒరెస్ట్ పనైపోయిందని పొద్దున స్టోర్లో అనుకుంటున్నారు."

ఒరెస్ట్ సంచీ ఇంకో వైపుకి మార్చుకున్నాడు. అతనికి ముప్పై నాలుగు దాటాయి. ఆ చలికాలం తర్వాత ఆట మానేద్దామని నాతో ఒకసారి అన్నాడు కానీ, పనైపోయిందని ఇంకొకరు అనడం వేరు.

తేల్చే ఆట మా ఊళ్లోనే జరిగింది. నిలబడడానికి కూడా చోటు లేదు. చివరి భాగంలో మేము ఒక్క గోల్ పైన ఉన్నాం. పక్ మా గోల్ వెనక మూలకి జారింది. లూబో ముందు చేరాడు. చెక్క గోడకి ఎదురుగా, తల వంచి, కాళ్ల సందున ఇరుక్కున్న పక్‌ని కర్రతో లాగుతున్నాడు. ఒరెస్ట్ ఇవతలి గీత దగ్గర్నుంచి వేగంగా వస్తున్నాడు.

నా చోటు నుంచి నాకు లూబో వీపు కనిపిస్తూనే ఉంది. ఒకటీ ఏడూ, తెల్లగా, రెండు అంకెలూ పూర్తిగా. ఒరెస్ట్ ఆగుతాడనుకున్నాను. అంటే, ఆగుతాడని అనుకోను కూడా లేదు. అతను ఎప్పుడూ ఆగేవాడే కదా.

గోడ మోగింది. లూబో కిందికి జారిన తీరు మామూలుగా పడేవాళ్లలా లేదు.

రిఫరీ అప్పుడు గోల్ ముందు తోసుకుంటున్న ఇద్దర్ని చూస్తున్నాడు. చప్పుడుకి తిరిగాడు. రెండు నిమిషాలు అని చెయ్యెత్తాడు. ఒరెస్ట్ వచ్చి నా పక్క పెట్టెలో కూర్చున్నాడు. నేను గడియారం ఆపేశాను. డాక్టరు రావాలి, అంబులెన్సు రావాలి. రెండు నిమిషాలు మొదలు కానేలేదు.

మా ఇద్దరి మధ్యా నడుమెత్తు చెక్క ఒకటే అడ్డం. అన్నేళ్ల కాపురంలో మేము అంత దగ్గరగా, అంత మౌనంగా ఎప్పుడూ కూర్చోలేదు.

"వాడు తిరిగాడు," అన్నాడు ఒరెస్ట్, మూల వైపు చూస్తూ. "చివర్లో వీపు తిప్పాడు. చూశావుగా."

"నాకు మొదట్నుంచీ పదిహేడు కనిపిస్తూనే ఉంది, ఒరెస్ట్."

"నువ్వున్న చోటు నుంచి అలా కనిపిస్తుంది."

"సరే."

"గడియారం చూసుకో."

గడియారం ఆగే ఉంది. అయినా దాన్నే చూశాను.

లూబోని పలక మీద పడుకోబెట్టి, మెడకి రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి తీసుకెళ్లారు. వాళ్లు గేటు దాటుతుంటే రెండు జట్ల వాళ్లూ కర్రలతో మంచు మీద టకటకా కొట్టారు. దెబ్బ తిన్నవాణ్ణి సాగనంపే పద్ధతి అది. ఒరెస్ట్ కర్ర ఎత్తాడు గానీ కింద కొట్టలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఆట మేమే గెలిచాం. పోటీ ముగిసింది గనక రెండు జట్లూ వరస కట్టి చేతులు కలపాలి. అంతవరకూ ఎంత కొట్టుకున్నా ఆ వరసలో అందరూ అందరి చెయ్యీ పట్టుకోవాలి. అది మానేసినవాడు మా వైపు లేడు. జోర్నా కెప్టెన్ ఒరెస్ట్ దగ్గరికొచ్చి ఆగాడు.

"మావాడు చివర్లో తిరిగాడా?"

ఒరెస్ట్ తల ఊపాడు.

"వెధవ. ఎన్నిసార్లు చెప్పాను, గోడ దగ్గర వీపు తిప్పొద్దని," అని కెప్టెన్ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. ఏడుస్తున్నాడు.

ఆ మాట అక్కణ్ణుంచి పాకింది. లూబో తిరిగాడు. రిఫరీ అలాగే రాశాడు. చివరి క్షణంలో తనే వీపు తిప్పుకుంటే అది కొట్టినవాడి తప్పు కాదు. పోటీలు నడిపే లీగ్ పెద్దమనిషి ఫోన్ చేసి రెండు ముక్కలు అడిగి, ఒరెస్ట్ చివరి పోటీలో ఆడొచ్చన్నాడు. గడియారం దగ్గర కూర్చున్న మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. లూబో మెడ ఎముక చిట్లింది. సస్కటూన్ పట్నం ఆస్పత్రిలో తలకి ఇనుప కొక్కేలు బిగించారు. కాళ్లు బాగానే ఉన్నాయి, కుడిచేతికి స్పర్శ లేదు, వస్తుందో రాదో చెప్పలేమన్నారట. ఆ సంగతి స్టోర్లో విని నేను పిండి సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

మామయ్య మాత్రం కొడుకుని కంటికి రెప్పలా చూసుకోసాగాడు. తన పళ్లెంలో చేపముక్క తీసి అతని పళ్లెంలో వేసేవాడు. "ఆటన్నాక దెబ్బలు తగులుతాయి. వాడు తిరిగాడు, నువ్వేం చేస్తావు? మా కాలంలో అడిగేవాడే లేడు," అనేవాడు. ఒరెస్ట్ ఆ చేప తినేవాడు కాదు, తిరిగి ఇచ్చేవాడూ కాదు.

శనివారం పిల్లల ఆటకి వెళ్లాడు. నేను రింకు వంటగదిలో పిల్లల కోసం పాలు వేడిచేస్తూ వింటున్నాను. ఆ వేళ అరుపులు లేవు. పక్ అందించుకోవడం ఒక్కటే నేర్పాడు. ఇద్దరిద్దరుగా నిలబెట్టి, ఇవతలి నుంచి అవతలికి, అవతలి నుంచి ఇవతలికి. పిల్లలు విసుగెత్తి, "కోచ్, ఢీ ఎప్పుడు?" అని అడిగారు. "ఇవాళ లేదు," అన్నాడు.

ఆ రాత్రి ప్రార్థన చేసేటప్పుడు నేను దేవుణ్ణి అడిగాను. ఇతనికి శిక్ష వెయ్యమనీ అడగలేదు, వదిలేయమనీ అడగలేదు. అబద్ధం చెప్పినవాడు కూడా తను చెప్పింది నిజమేనని నమ్మడం మొదలుపెడతాడా, అలా నమ్మితే అప్పుడది ఎవరి లెక్కలో పడుతుంది, అని అడిగాను. నేను చదివింది తక్కువ. ఇలాంటివి ఫాదర్‌ని అడగాలంటే సిగ్గు. దేవుణ్ణయితే అడగొచ్చు.

మర్నాడు క్షమాపణల ఆదివారం. ఉపవాసం మొదలయ్యే ముందు రోజు. మధ్యాహ్నం పిండి మడతల్లో చీజ్ పెట్టి పైరోహీలు వండాను. మళ్లీ ఈస్టర్ దాకా పాలూ జున్నూ ముట్టుకోం గనక ఉన్నదంతా ఆ రోజే తినెయ్యాలి. సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యాక ఒకరినొకరు క్షమాపణ అడగాలి. రెండు ఊళ్లకీ ఒకే ఫాదర్ కాబట్టి ఆ ప్రార్థన ఒక ఏడు మా చర్చిలో, ఒక ఏడు జోర్నాలో. ఆ ఏడు జోర్నా వంతు. ప్రార్థన అయ్యాక మా రింకులో చివరి పోటీ మొదటి ఆట.

"జోర్నా పోవద్దురా," అన్నాడు మామయ్య. "ఇక్కడే ఇంట్లో దండం పెట్టుకో. ఆట ముందు మనసు చెడగొట్టుకోకు."

"ఏటా వెళుతున్నాం కదా నాన్నా."

"ఏటా వేరు. చర్చి చర్చే, రింకు రింకే. రెండూ కలపకు."

ఒరెస్ట్ ఆట సంచీ కారు వెనక పెట్టుకున్నాడు. మంచి కోటు తొడుక్కున్నాడు. మేమిద్దరమే వెళ్లాం.

ప్రార్థన అయింది. ఫాదర్ మెట్టు దిగి వచ్చి మా ముందు నేల మీదికి వంగి, "పాపిని, నన్ను క్షమించండి," అన్నారు. తర్వాత ఒక్కొక్కరూ వెళ్లి ఆయన ముందు వంగి, ఆయన పక్కన నిలబడతారు. తర్వాతివాళ్లు ఆయన ముందూ, వీళ్ల ముందూ వంగుతూ పోతారు. అలా సాగి సాగి చర్చిలో ప్రతి మనిషీ ప్రతి మనిషి ఎదటికీ వస్తారు. "నన్ను క్షమించు" అని ఒకరు, "దేవుడు క్షమిస్తాడు, నన్నూ క్షమించు" అని ఇంకొకరు. రెండు చెంపలూ ముద్దు పెట్టుకుని ముందుకి జరుగుతారు. నోటికి అలవాటైపోయిన మాటలు. చిన్నప్పుడు మేము ఆ వరసలో నవ్వాపుకోలేకపోయేవాళ్లం.

ఒరెస్ట్ వెనక నేను. వరసలో మధ్యగా పరాస్కా పెద్దమ్మ ఉంది. ఆస్పత్రి నుంచి బస్సులో నేరుగా వచ్చినట్టుంది. కాళ్లకి ఇంకా బయటి బూట్లే, చేతిలో గుడ్డసంచీ. ఒరెస్ట్ ఆమె ముందు ఆగాడు. అందరి ముందూ వంగినట్టే వంగాడు.

"నన్ను క్షమించండి, పెద్దమ్మా."

ఆమె ముందుకి జరగలేదు. వెనక వరస ఆగిపోయింది. ఎవరో దగ్గారు.

"దేనికి నాయనా?" అంది ఆమె, చాలా మెల్లగా. నిందించే గొంతు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన గొంతు. "అందరూ అడిగేదానికా, దానికా?"

ఒరెస్ట్ ఇంకా వంగే ఉన్నాడు.

"మావాడు రోజూ అదే అడుగుతున్నాడయ్యా," అంది. "వాడికేం గుర్తు లేదు. అందరూ తిరిగావంటున్నారు కదా. 'అమ్మా, అంత ఆట తెలిసి నేనెందుకు తిరిగానే?' అంటాడు. నిద్రలోంచి లేచి కూడా అదే. నా చెయ్యి నేనే పోగొట్టుకున్నానంటాడు. నేనేం చెప్పను? నేను ఆట చూడను. నాకు భయం."

నేను ఒరెస్ట్ వీపునే చూస్తున్నాను. కోటు భుజాల దగ్గర బిగుసుకుని ఉంది. నేను ఏదైనా అనొచ్చు. అనలేదు. ఆ మాట చెప్పవలసింది నేను కాదు.

అతను లేచి నిలబడ్డాడు.

"లూబో తిరగలేదు," అన్నాడు. "మొదట్నుంచీ వీపే. నంబరు చదివాను. ఆగగలిగేవాణ్ణి. ఆగలేదు."

పరాస్కా పెద్దమ్మ అతని ముఖం చాలాసేపు చూసింది. 'దేవుడు క్షమిస్తాడు' అనలేదు. చెంప ముద్దు పెట్టుకోలేదు. గుడ్డసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఇది నాకు కాదు, వాడికి చెప్పు," అంది. "ఇవాళే పో. ఇంకో రాత్రి వాడు అలా పడుకోకూడదు."

తర్వాత నా వైపు తిరిగింది. నేను వంగి అడిగాను. నాకు మాత్రం, "దేవుడు క్షమిస్తాడు తల్లీ, నన్నూ క్షమించు," అని ముద్దు పెట్టింది. ఆమె చెంప చల్లగా, తడిగా ఉంది.

తిరిగి వచ్చే దారిలో మా రింకు. అప్పటికే కార్లు నిండిపోయాయి. వాకిట్లో రాళ్లఉప్పు చల్లే చప్పుడు, లోపల పిల్లల కేకలు. తలుపు దగ్గర మామయ్య నిలబడి ఉన్నాడు. ఒరెస్ట్ కారు దిగి వెనక నుంచి ఆట సంచీ తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"కెప్టెన్‌తో చెప్పు, నేను ఆడడం లేదు. గడియారం దగ్గరా ఇంకొకర్ని కూర్చోబెట్టమను."

"ఎక్కడికిరా?"

"సస్కటూన్‌కి. లూబో దగ్గరికి."

"రేపు పోరా! రేపు పోతే వాడు ఉండడా? నువ్వు లేకపోతే ఓడిపోతాం."

"ఓడిపోతాం నాన్నా," అన్నాడు ఒరెస్ట్. "వాడు తిరగలేదు. నేనే ఆగలేదు. లీగ్ వాళ్లకి పొద్దున ఫోన్ చేసి చెబుతాను."

మామయ్య నోరు తెరిచాడు. నల్లని ఖాళీ కనిపించింది, ఆ మూడు పళ్ల చోటు. చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసుకున్నాడు. తర్వాత వంగి సంచీ ఎత్తుకున్నాడు. బరువుకి కొంచెం తూలాడు. మళ్లీ ఈస్టర్ దాకా ఆయన మాతో మాట్లాడలేదు.

దారంతా ఒరెస్ట్ రేడియో పెట్టలేదు. పొలాల మీద మంచు నీలంగా మారుతోంది. చర్చిలో ఆ మాట అనేశాడు గనక బరువు దిగిపోయిందేమో అనుకుని అతని వైపు చూశాను. దిగినట్టు లేదు.

లూబో గది కారిడారు చివర. వెల్లకిలా పడుకోబెట్టి, తలకి రెండు పక్కలా ఇనుప కొక్కేలు బిగించి, వాటికి బరువులు వేలాడదీశారు. వాడికి పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. మనిషి కనిపించాలంటే ఎవరైనా వాడి మీదికి వంగాలి.

ఒరెస్ట్ వంగాడు.

"ఒరెస్టన్నా," అన్నాడు లూబో. "ఇవాళ ఆట కదా?"

"అవును."

"మరి?"

ఒరెస్ట్ చెప్పాడు. చర్చిలో చెప్పిన మాటలే, అదే వరసలో. ఒక్కటి కూడా కలపలేదు. పనైపోయిందని ఊరివాళ్లు అనడం గురించి గానీ, తండ్రి దెప్పడం గురించి గానీ ఎత్తలేదు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. సంచీలో పిప్పరమెంట్ల పొట్లం ఉంది. తీయడానికి ధైర్యం చాలలేదు.

లూబో కళ్లు మూసుకున్నాడు. "మళ్లీ చెప్పు," అన్నాడు.

ఒరెస్ట్ మళ్లీ చెప్పాడు.

"నేను తిరగలేదు."

"తిరగలేదు."

"పక్ నా దగ్గరే ఉందా?"

"నీ దగ్గరే. లాగేస్తున్నావు. ఇంకొక్క క్షణం ఉంటే మీవాడికి అందించేసేవాడివి."

లూబో ఊపిరి వదిలాడు. కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి జారాయి. తుడుచుకుందామంటే వాడి ఎడమచేతికి సెలైను గుచ్చి ఉంది. ఒరెస్ట్ తన మంచి కోటు చేతితో తుడిచాడు. వాడు వద్దనలేదు.

"నీ మీద కోపం రావాలి నాకు," అన్నాడు లూబో. "వస్తుంది. ఇవాళ మాత్రం... ముందు దీన్ని సరిగా విననీ." కొంచెం ఆగి, "ఆ రోజు చేతులు కలిపేటప్పుడు వరసలో నేను లేను కదా," అన్నాడు.

"లేవు."

"అయితే పట్టుకో."

దుప్పటి మీద వాడి కుడిచెయ్యి అరచెయ్యి పైకి పడి ఉంది. వేళ్ల సందుల్లో నల్ల నూనె ఇంకా పోలేదు. ఒరెస్ట్ మంచం పక్కన మోకాళ్ల మీదికి దిగి, దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. లూబో పైకప్పు వైపే చూస్తూ కాసేపు ఆగాడు.

"అన్నా," అన్నాడు. "పట్టుకున్నావా?"